వెడల్పు మూతి డబ్బా

పుంగనూరు పక్క పల్లె. ముఖం క్రీము కంపెనీ తరఫున మదనపల్లె నుంచి సర్వేకి వచ్చిన రేఖను రెడ్డెమ్మ ఒక్క ప్రశ్నా అడగనివ్వడం లేదు.

“అది కాదమ్మా రేఖా, ఆ డబ్బా తీసేసి ఈ ట్యూబు యాల పెట్టినారు? ముందు అది సెప్పు.”

“టౌనుల్లో అమ్మాయిలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటారు రెడ్డెమ్మక్కా. డబ్బా అయితే కారిపోతోందన్నారు. అందుకని...”

“వాళ్ళ బ్యాగు కోసరం నా సెయ్యి కట్టేస్తే యట్ల? ఒక సేత్తో మూత తీసేకి కాదు, పిండేకి కాదు.”

“రెండో చెయ్యి ఏమైంది?”

“అది... పట్టుకోనుంటాది.”

“ఏం పట్టుకొని?”

“నువ్వు రాసుకో తల్లీ. వెడల్పు మూతి డబ్బా కావాల. నాలుగు వేళ్ళూ ఒకేపారి లోపలికి పోవాల.”

“ముఖానికి బఠాణీ గింజంత చాలక్కా!”

“యాడ సాలతాది? నాలుగింటికీ పూయాల గదా.”

“నాలుగా?”

“అదే... రెండు సెంపలు, నొసలు, గెడ్డం.”

“ఓహో. గులాబీ వాసన ఎలా ఉంది? కొత్తగా కలిపాం.”

“తీసెయ్యండి. ఆ వాసనకి మూడు దినాలుగా తన్నతాండాది.”

“ఎవరు?”

“...మా ఆయన.”

“కృష్ణప్పన్నా? మరి ‘తన్నతాండాది’ అన్నారే!”

“ఆయప్ప పాపం, సీమక్కూడా అపకారం సెయ్యడు. నోరు జారింది, వదిలెయ్.”

“అక్కా, నిజం చెప్పండి. అన్ని టౌనుల్లోనూ ఈ క్రీము కొనేవాళ్ళు తగ్గిపోయారు. మీ ఒక్క పల్లెలో నెలకి రెండొందల డబ్బాలు అమ్ముడుపోతున్నాయి. ఉండేది అరవై ఇళ్ళు. కారణం తెలుసుకోకుండా పోతే నా ఉద్యోగం ఉండదు.”

“సెబితే ఈడికి పంపేది నిలిపేస్తారు.”

“నిలపరు. నాదీ పూచీ.”

“ఆవుకమ్మా.”

“ఆవుకా!”

“సన్నులు పగిలి, దూడని గూడా దగ్గరికి రానీలేదు. ఒగ దినం సేతికి క్రీముండంగానే పాలు పిండితి. రెండు దినాలకి పగుళ్ళన్నీ మానిపోయె. అది సూసి ఊరంతా అదే పట్టుకున్నారు. ఇప్పుడీ గులాబీ వాసనొస్తే సాలు, సెంబు ఎగిరిపడేట్టు తన్నతాండాది.”

“కొంప మునిగింది. మావాళ్ళు ‘పుంగనూరు పడతి అందాల రహస్యం’ అని కొత్త అట్టపెట్టెలు అచ్చేయించేశారు. ఆ పడతి వివరాలు, ఫోటో తెమ్మన్నారు. నేనేం రాయాలి?”

“ఉండేదే రాయి. అబద్ధం యాల? వాడేది ఆడదే గదా.”

“...వయసు?”

“నాలుగేండ్లు.”

“అది ఖాళీగా వదిలేస్తా. పిల్లలు?”

“ఒగటే. ఇంగా పాలు తాగతాండాది.”

“ఎత్తు?”

“మూడడుగులు. పుంగనూరు జాతి గదా, అంతకి మించి పెరగదు.”

“తిండి?”

“పచ్చిగడ్డి, శెనక్కాయ సెక్క.”

“శాకాహారి. కంపెనీని ఏం కోరుతున్నారు?”

“సెప్తినే! వెడల్పు మూతి డబ్బా. వాసన వద్దు.”

“రాశాను. ఇంక ఫోటో ఒకటే మిగిలింది.”

“ఉండు, సీర మార్సుకోనొస్తా.”

“మీరు కాదక్కా. దాని చెవులు కాస్త పైకెత్తి పట్టుకోండి, కొమ్ములు కనబడకుండా.”