పర్వాలేదని రాసిన గది

కొనబోయే ఇంటి ఖాళీ హాల్లో, కిటికీ గట్టు మీద తనిఖీ రిపోర్టు పరుచుకుని ఇద్దరు నిలబడి ఉన్నారు: ఇల్లు పరీక్షించిన ఇంజనీరు, ఆ ఇంటికి కాబోయే ఇల్లాలు.

“…పగులనగానే గాభరా పడకండమ్మా. ఇది పైపూత పగులు, గోడది కాదు. అందుకే పక్కన ‘ప’ వేశాను. పర్వాలేదని.”

“మరి ఈ ‘మ’?”

“మరమ్మతు. బాత్రూం గోడ చెమ్మ లాగుతోంది. ‘వె’ అంటే వెంటనే. ఎర్త్ వైరు లేదు చూడండి, దానికి వేశాను.”

“హమ్మయ్య. ‘వె’ అంటే వెధవ ఇల్లనుకున్నాను, ఇంజనీరు గారూ.”

“అలా రాయాల్సినవీ చూశాన్లెండి. ఇది మంచి ఇల్లే. మీవారు రాలేదా?”

“దారిలో ఉన్నారు. నన్ను ముందు పంపారు. ఎప్పుడూ లేనిది, రిపోర్టు నా చేతికిచ్చి, అర్థం కానివన్నీ ఇంజనీరు గారినే అడుగు అన్నారు.”

“అడగండి, దానికేం.”

“పదకొండో పేజీ. వెనక గది. తలుపు గడియ బయటి వైపే ఉందని రాశారు. లోపల లేదు. పక్కన ‘ప’.”

“అవును. పర్వాలేదు.”

“కిటికీ రెక్కలు బయటి నుంచి స్క్రూలతో బిగించారు. ‘ప’. లైటు స్విచ్చు గది బయట. మళ్ళీ ‘ప’. పర్వాలేదేంటండీ? లోపలున్న మనిషి లైటు కూడా వేసుకోలేదు!”

“అవి లోపాలు కాదు కదమ్మా, కావాలని చేయించినవి. పోయిన నెల నేను మొదటిసారి చూసినప్పుడు లేవు.”

“ఎవరు చేయించారు? అమ్మేవాళ్ళా?”

“మీవారే. అడ్వాన్సు ఇచ్చి తాళంచెవి తీసుకున్నారు కదా. పనివాళ్ళని నేనే పంపాను.”

“ఆయనా? సామాన్లకేమో… పాత సామాన్లకి…”

“మీకు చెప్పలేదా?”

“చెప్పే ఉంటారు. నేనే… మీతో ఏమన్నారు?”

“ఇంటి విషయం. నేను చెప్పొచ్చో లేదో.”

“చెప్పండి.”

“మీ అత్తగారి కోసమన్నారమ్మా. మతి తప్పిందట. తలుపు కనబడితే చాలు, బయటికి వెళ్ళిపోతారట. చెబుతుంటే ఆయన కళ్ళమ్మట నీళ్ళు, పాపం.”

“ఇంజనీరు గారూ.”

“అమ్మా?”

“మా అత్తగారు పోయి రెండేళ్ళయింది.”

“పోయారా?”

“నేనే పక్కనున్నాను. ఆవిడ చెయ్యి నా చేతిలోనే ఉంది.”

“అదేంటి… మరి ఆ గది ఎవరికి?”

“ఈ ఇంట్లో ఉండబోయేది ఇద్దరమే. ఆయనా, నేనూ.”

“ఉండండి. ఉండండమ్మా, తొందరపడకండి.”

“మీ బండి మీద నన్ను మా అన్నయ్య ఇంట్లో దింపండి. పోనీ బస్టాండు దాకా. ఇప్పుడే.”

“కారు ఆగింది. ఆయనే.”

“ఆయన ముందు అత్తగారి మాటెత్తకండి. మీకు దణ్ణం పెడతాను. నాకు కళ్ళు తిరిగాయని, డాక్టరు దగ్గరికని—”

“ఏమోయ్, ఇల్లు నచ్చిందా? నమస్కారం ఇంజనీరు గారూ! ఏంటి, ఇద్దరూ అలా బిగుసుకుపోయారు?”

“ఏం లేదండీ. నచ్చింది. చాలా బావుంది.”

“బావుందనడానికి ఆ వణుకెందుకూ? ఇంజనీరు గారూ, ఏమంటోంది మా ఆవిడ?”

“ఏం లేదు సార్. అంటే… మీ అమ్మగారు…”

“వద్దు, చెప్పకండి!”

“మా అమ్మ చచ్చిపోయిందని చెప్పిందా?”

“…అవును సార్.”

“రెండేళ్ళ కిందట? చెయ్యి తన చేతిలోనే పెట్టి?”

“అచ్చం అదే మాట సార్.”

“నిన్న నాతోనూ అదే. మొన్న పక్కింటివాళ్ళతో. మా అమ్మ మా తమ్ముడి ఇంట్లో నిక్షేపంగా కూర్చుని కాఫీ తాగుతోందండీ. గది అమ్మ కోసమని మీతో అబద్ధమాడాను. కట్టుకున్న పెళ్ళానికి మతి పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“అబద్ధం! నమ్మకండి ఇంజనీరు గారూ! మా అన్నయ్యకి ఫోన్ చేయండి, నంబరు చెబుతాను. తొమ్మిది… తొమ్మిది ఎనిమిది… కాదు, ఎనిమిది…”

“చూశారా? సొంత అన్నయ్య నంబరు.”

“అయ్యో…”

“కారు ముందు సీట్లో నీలం ఫైలుంది, కాస్త పట్టుకొస్తారా? డాక్టరుకి ఇవ్వాల్సిన కాగితం. తన వాలకం కళ్ళారా చూసిన బయటివాళ్ళు ఒకరు సాక్షి సంతకం పెట్టాలట.”

“తెస్తాను సార్.”

“వెళ్ళకండి! ఇంజనీరు గారూ! వెళ్ళకండి…”

“అరుచుకో. ఇంకా గట్టిగా అరుచుకో. నాకే మంచిది.”

“నేనేం చేశానండీ మీకు?”

“ఏమీ చేయలేదు. అదే గొడవ. మీ నాన్న రాసిచ్చిన స్థలం అమ్ముదాం, సంతకం పెట్టు అని ఏడాది బతిమాలాను. పెట్టావా? నీకు మతి లేదని తేలితే నా సంతకం చాలట. కనుక్కున్నాను.”

“పెడతాను. ఇప్పుడే పెడతాను. మీరు ఎక్కడంటే అక్కడ పెడతాను.”

“పిచ్చిదానివి. నీ సంతకం చెల్లదే.”

“ఫైలు దొరికింది సార్. ఆవిణ్ణి కాస్త కూర్చోబెట్టండి, పాపం… సంతకం ఎక్కడ పెట్టమంటారు?”