పొగాకు చాటున ఆట

ఇంత దూరం ఎందుకొచ్చారండీ? చెల్లి ఇంట్లో లేదు డాక్టరమ్మా. చెప్తున్నాగా, లేదు.

ఇల్లెవరు చూపించారు? బడి టీచరా? ఇంకేం చెప్పింది? ఆ పెన్ను లోపల పెట్టండి ముందు. ఎవరైనా రాస్తుంటే మా నాన్నమ్మకి ఆయాసం. నాకూ కొంచెం అంతే.

కూర్చోండి. అయ్యో, అక్కడ కాదు! ఆ ఎండేసిన పొగాకు తోరణాల పక్కన ఘాటు. ఇటు రండి. కాఫీ తాగండి.

బడిలో నోరు విప్పట్లేదంటారు. పేరడిగితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుందంటారు. అయితే ఏంటి, పిచ్చా? ఇంట్లో వినాలి మీరు! "అన్నా, నీ ముక్కు ఎండుమిరపకాయ" అంటది నన్ను.

బడిలో స్వెత్లా అని బల్గేరియా పేరే రాయించాం. ఎందుకైనా మంచిదని నాన్నమ్మే అంది. ఇంట్లో వేరే పేరు. ఏంటా? మీకెందుకండీ?

కోప్పడకండి. మా నాన్న చిన్నప్పుడు పోలీసులు ఊరు చుట్టుముట్టారంట. బల్గేరియాలో మాలాంటి తుర్కుల పేర్లుండకూడదని ఇంటింటికీ కొత్త పేర్లు పంచారు. పొద్దున మెహ్మెద్‌గా పొలానికెళ్ళిన తాత, ఇంటికొచ్చేసరికి మిఖాయిల్. నాన్నమ్మ మా నాన్నని తోరణాల వెనక దాచి, నోరు మూసి, "దొరకనంతసేపు నీ పేరు నీదేరా" అందంట.

దొరికాడు. తర్వాత పేర్లు తిరిగిచ్చార్లెండి. భయాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలా.

నేనా? అప్పటికి పుట్టనేలేదు! మరి తలుపు కొడితే నా చూపు ముందు ఆ తోరణాల వెనక్కే ఎందుకు పోతుంది? చదువుకున్నారుగా, చెప్పండి.

నాన్నమ్మ నాకది ఆటలా నేర్పింది. తలుపు చప్పుడైతే తోరణాల వెనక్కి. నోటిమీద చెయ్యి. ఇంట్లో పిలుచుకునే పేరుతో పిలిస్తేనే బయటికి రావాలి. పిలిచే గొంతు వణికిందా, రాకూడదు. పక్కన ఎవరో ఉన్నట్టు లెక్క.

బాగుండేదండీ ఆట. చెల్లికి నేనే నేర్పా.

అటు చూడకండి.

అవును. మీరు తలుపు కొట్టినప్పట్నుంచీ అక్కడే ఉంది. దగ్గు కూడా ఆపుకుంటంది పిచ్చిది.

పిలవమంటారా? మీ ముందా? ఆ పేరు మీరు ఎవరికీ చెప్పరుగా? ఒట్టు?

సెవిమ్... ఆట అయిపోయిందే. రా.

రా తల్లీ. డాక్టరమ్మ మంచిదే.

...రాదండీ. నా గొంతు విన్నారుగా.