తవోరా దేశపు ఎగుమతులు

అమెరికాలోని ప్లేనోలో ఒక తెలుగు చర్చి. ఆదివారం ఆరాధన ముగిసి బిర్యానీ వడ్డన మొదలైంది. హాలు మూలనున్న టేబుల్ దగ్గర జూడ్‌నీ ఎలీనానీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, పెద్దలంతా అటు చూడనట్టు చూస్తున్నారు.

“...ఎండు కొబ్బరి అరవై రెండు శాతం. చేపలు ముప్ఫై. మిగతాది తపాలా బిళ్ళలు. కరెక్టేనా ఎలీనా గారూ?”

“ఎక్కడ చదివారండీ ఇదంతా?”

“ఊరికే. నిన్న శనివారం కదా, ఖాళీగా ఉండి.”

“ఖాళీగా ఉండి తవోరా దేశం విదేశీ వ్యాపారం చదివారా?”

“చిన్న దేశాలంటే నాకు ముందు నుంచీ ఇంట్రెస్ట్ అండీ.”

“మ్యాప్ మీద ఈగ వాలితే కనపడని దేశం, జూడ్ గారూ.”

“అందుకే ఇంట్రెస్ట్. మీ నాన్నగారు అక్కడి గవర్నమెంట్‌లో చేశారట కదా, జోయెల్ చెప్పాడు.”

“మా మరిది అలాగే చెప్తాడు. మా చెల్లి లూసీతో పెళ్ళప్పుడు మా నాన్నని కామర్స్ సెక్రటరీ అని అందరికీ పరిచయం చేశాడు. ఆ శాఖలో ఉన్నది ముగ్గురండీ. నాన్న, ఒక గుమాస్తా, టీ పెట్టే ఆవిడ.”

“అయినా దేశం దేశమే కదండీ. ఎగుమతులూ దిగుమతులూ అంటే మాటలా.”

“ఎగుమతులు మీరు చెప్పేశారు. దిగుమతులు నేను చెప్పనా? మిగతావన్నీ.”

“అన్నీ అంటే?”

“బియ్యం, ఉల్లిపాయలు, డీజిలు, చీపుర్లు. కొబ్బరినూనె కూడా.”

“కొబ్బరినూనె ఎందుకండీ, కొబ్బరి మీదే కదా?”

“కొబ్బరి మాదే. ఎండబెట్టి ఓడెక్కిస్తాం. ఎవరో నూనె తీసి, సీసాలో పోసి మళ్ళీ మాకే అమ్ముతారు. చేపా అంతే. మా సముద్రంలోనే పడుతుంది, ఎక్కడికో వెళ్ళి డబ్బాలో కూర్చుని తిరిగొస్తుంది. ఫారిన్ చేప అని మా అమ్మ దాన్ని క్రిస్మస్‌కి తప్ప తెరిచేది కాదు.”

“భలే ఉందండీ.”

“ఓడ నెలకొకటి. ఒక ఏడాది మూడు నెలలు రాలేదు. దిగుమతులు నిల్, వాణిజ్య లోటు బాగా తగ్గింది అని నాన్న రిపోర్ట్ రాశారు. ప్రధానమంత్రి గారు పిలిపించి మెడలో దండ వేశారు. ఆ రోజు మా ఇంట్లో ఉప్పు లేదు.”

“చాలా... చాలా రిచ్ ఎక్స్‌పీరియెన్స్ అండీ మీది. అయితే చిన్నతనమంతా అక్కడేనా?”

“పదిహేడేళ్ళు వచ్చేదాకా అక్కడే.”

“అంటే, మొదట్నుంచీ?”

“మొదట్నుంచీ అంటే?”

“అదే... ఊహ తెలిసినప్పటి నుంచీ.”

“ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కడే. ఎందుకండీ?”

“ఊరికే. బయోడేటాలో అన్నీ రాశారు, అదొక్కటీ రాయలేదు కదా అని.”

“జాతకాలు చూసేవాళ్ళమైతే పుట్టిన ఊరూ టైమూ రాసేవాళ్ళం. మనం చూడం కదండీ.”

“అక్కర్లేదండీ, అక్కర్లేదు. తెలిసిందే కదా. రైతా వేసుకోండి.”

“వద్దు, చాలు. జోయెల్ మీకు బాగా ఫ్రెండా?”

“ఒకే కంపెనీలో ఒకే రోజు చేరాం. గ్రీన్ కార్డ్‌కి నాకన్నా మూడేళ్ళు వెనక ఫైల్ చేశాడు.”

“వాడికి వచ్చేసింది కదా.”

“వచ్చేసింది. పెళ్ళయిన పద్నాలుగు నెలలకి. వాడి అదృష్టం.”

“అదృష్టమా? ఎలా వచ్చిందో చెప్పలేదా?”

“లేదే. ఎలా వచ్చిందండీ?”

“నిజంగా తెలీదా?”

“నేను పెద్దగా పట్టించుకోనండీ ఇవన్నీ.”

“ఇండియాలో పుట్టినవాళ్ళ లైను చాంతాడంత కదా. భార్య వేరే దేశంలో పుడితే, ఆ దేశం లైన్లో భర్త కూడా నిలబడొచ్చు. మా లూసీ తవోరాలో పుట్టింది. తవోరా లైన్లో ఎవరున్నారు? లూసీ, దాని వెనక జోయెల్.”

“ఓహో. అలా కూడా ఉంటుందా.”

“ఉంటుంది. మా దేశం బయటికి పంపినవాటిలో మంచి రేటు పలికింది కొబ్బరీ కాదు, చేపా కాదండీ. మా లూసీ. నాకన్నా రెండేళ్ళు చిన్నది, అయినా ముందు దాని పెళ్ళే అయింది. సంబంధాలు క్యూ కట్టాయి.”

“మీకు కూడా కట్టుంటాయి కదండీ.”

“వచ్చారు, వెళ్ళారు. మీరు ఎన్నేళ్ళుగా ఉన్నారు లైన్లో?”

“పదకొండు.”

“పట్టించుకోనన్నారు.”

“పట్టించుకోను. పదకొండేళ్ళ నాలుగు నెలలు. మీరు ఇంకా ఫైల్ చేయలేదు కదూ?”

“నేను పోయినేడాదే కదా ఉద్యోగంలో చేరింది. మా కంపెనీ ఇంకా మొదలుపెట్టలేదు. మీ జాబ్ బాగానే ఉందా?”

“సూపర్‌గా ఉందండీ.”

“లూసీ వేరేగా చెప్పింది.”

“ఏం చెప్పింది?”

“మీ టీమ్‌లో పోయిన నెల నలుగుర్ని తీసేశారని.”

“అయిదుగుర్ని. వచ్చే నెల లిస్టు ఇంకోటి ఉందంటున్నారు. సరే, మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి. జాబ్ పోతే వీసాకి అరవై రోజులే గడువండీ. పదకొండేళ్ళ ఇల్లూ, కారూ, మనుషులూ, అన్నీ అరవై రోజుల్లో సర్దుకుని విమానం ఎక్కాలి. పొద్దున మేనేజర్ నుంచి మీటింగ్ ఇన్వైట్ వస్తే చాలు, ఇంట్లో సూట్‌కేసులు ఎన్నున్నాయో లెక్కపెట్టుకుంటాను. చాలా భయంగా ఉంటుంది నాకు.”

“అయ్యో. ఈ మాట ముందే చెప్పాల్సింది. కొబ్బరి శాతాల కన్నా ఇదే బాగుంది వినడానికి.”

“పెళ్ళిచూపుల్లో భయాలు చెప్తారా ఎవరైనా?”

“నేను చెప్తాను. నా భయం ఏంటో తెలుసా? నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళు నన్ను చూడ్డం లేదని. ఒకాయన తవోరా జనాభా చెప్పాడు. ఒకాయన జాతీయ గీతం నేర్చుకుని వచ్చాడు. నాకేం ఇష్టమో ఒక్కరూ అడగలేదు.”

“మీకేం ఇష్టమండీ?”

“ఇప్పుడు నేనన్నాను కాబట్టి అడిగారు.”

“అవుననుకోండి. అయినా చెప్పండి.”

“వానలో డ్రైవింగ్. చర్చి క్వయర్‌లో ఆల్టో గొంతు పాడటం. ఎవరైనా నిజం ఒప్పుకుంటే వినడం.”

“మూడోదానికి నేను కొంచెం వీక్ అండీ.”

“తెలుస్తోంది. అందుకే సూటిగా అడుగుతాను. నేను ఎక్కడ పుట్టానన్నది మీకు ముఖ్యమా?”

“ఛ. ఛఛ.”

“ఆలోచించి చెప్పండి.”

“ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? నేను మిమ్మల్ని చూసి వచ్చాను. మీరెక్కడ పుడితే నాకేంటి.”

“ఎక్కడ పుట్టినా?”

“ఎక్కడ పుట్టినా.”

“తర్వాత మాట మార్చరుగా?”

“కావాలంటే ఒట్టు—”

“ఒట్లు వద్దు, పాస్టర్ గారు ఒప్పుకోరు. మా నాన్నతో అనండి చాలు. నాన్నా, ఒకసారి ఇలా రండి.”

“ఇప్పుడేనా? అంకుల్ భోంచేస్తున్నారేమో, నెమ్మదిగా—”

“ఏమ్మా ఎలీనా, పిలిచావా?”

“నాన్నా, నేను ఎక్కడ పుట్టినా ఈయనకి ఫర్వాలేదట.”

“ఆ మాట అన్నాడా? బాబూ జూడ్, ఒక్కసారి నా ముందు అను.”

“అదే అంకుల్. అమ్మాయి ఎక్కడ పుట్టినా నాకేం అభ్యంతరం లేదు.”

“దేవునికి స్తోత్రం. విన్నారా పాస్టర్ గారూ? మైకు అందుకోండి. వచ్చే ఆదివారం నుంచి వీళ్ళ పెళ్ళి ప్రకటన చదువుతున్నామని అందరికీ చెప్పేయండి.”

“అంకుల్, ఇంత తొందరగానా? మా అమ్మకి ఒక ఫోన్—”

“ఆవిడ పొద్దున్నుంచీ నా ఫోన్లోనే ఉన్నారు బాబూ, వీడియోలో. అదిగో, సంతోషంతో ఏడుస్తున్నారు.”

“ఎలీనా గారూ, మీ నాన్నగారు ఎందుకు కళ్ళు తుడుచుకుంటున్నారు?”

“ఆయన్నే అడగండి.”

“ఏం లేదు బాబూ. ముందొచ్చిన ముగ్గురూ ఈ సంగతి తెలియగానే బిర్యానీ ప్లేట్లు వదిలేసి లేచిపోయారు. నువ్వొక్కడివే మనిషివి. లూసీది రెండో కాన్పు కాబట్టి అక్కడే కానిచ్చేశాం. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా అని ఏడో నెలలో వాళ్ళమ్మని నేనే ఓడెక్కించి పంపాను. మా ఎలీనా పుట్టింది భీమవరంలో.”