ఎనిమిదేళ్ల పెద్దమనిషి

వద్దు వదినా, ఆ సెంటు సబ్బులూ పౌడరు డబ్బాలూ సంచిలోనే ఉంచు. ఏటి, కోపమా? నీ మీద కోపమెందుకు? విశాఖపట్నం నుంచి హౌరా దాకా జనరల్ పెట్టెలో నలిగి వచ్చావు, మేనకోడలు పెద్దమనిషయిందని.

కోపం నీ తమ్ముడి మీద. రైల్వే బుద్ధి కదా! సిగ్నల్ పడితే చాలు, ముందు స్టేషనుకి కబురు వెళ్లిపోవాలి.

ఎనిమిదేళ్లు వదినా కారుణ్యకి! పాలపళ్లు ఇంకా ఊడుతున్నాయి.

సాల్ట్ లేక్ డాక్టరమ్మ ఏమందో తెలుసా? సువాసనలు, ప్లాస్టిక్, కూరల మీద కొట్టే మందులు... ఒంట్లో హార్మోన్లని తికమక పెట్టేవి చాలానే ఉన్నాయట. 'మీ పాపకి ఫలానా దానివల్లే అని మాత్రం చెప్పలేను' అంది. అదే నన్ను తినేస్తోంది. ఒక్కదాని పేరు చెప్పుంటే గుమ్మం బయటికి విసిరేసేదాన్ని కదా!

విసిరేశాను కూడా. వంటింటి ప్లాస్టిక్ డబ్బాలన్నీ పోయాయి, అన్నీ స్టీలే. ఏం లాభం? క్వార్టర్‌కి నీళ్లొచ్చేది ప్లాస్టిక్ ట్యాంకులోంచి. చేపలవాడు కవర్లో తప్ప ఇవ్వడు. స్కూల్లో వేడి కిచిడీ దేంట్లో పెడుతున్నారో ఎవరికెరుక?

పైవాటా బెంగాలీ బౌదీ ఉంది కదా, 'మీ ఆంధ్రా కారం తింటే అంతే దీదీ, వేడి చేస్తుంది' అంటుంది. ఆవిడ కూతురు తినేదీ ఇదే టికియాపారా బజారు కూరలే!

దీన్ని ఆపే మందు ఉందిలే, ఇంజెక్షన్లు. ఎముకలు అప్పటికే ముదిరిపోతే పెద్దగా పనిచెయ్యవట. పొడుగు ఇంతటితో ఆగిపోవచ్చట. నా నడుం దగ్గరికి వస్తుంది వదినా, అంతే.

చిమ్మిలి తినిపిస్తావా? తినిపించు, మేనత్తవి, నీ హక్కు. స్కూలు నుంచి రాగానే చాప మీద కూర్చోబెట్టు. బొమ్మని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ప్రార్థనకి వచ్చే మా చర్చి పాస్టరు గారు ఏమని ప్రార్థిస్తారో? ఇంత తొందరగా ఇచ్చినందుకు స్తోత్రం అనా?

అయ్యో, నువ్వు ఏడవకు.

పొద్దున దానికి ప్యాడ్ నేనే పెట్టి స్కూలుకి పంపాను. అదీ ప్లాస్టిక్కే. విప్పగానే గుప్పున గులాబీల వాసన. మందుల షాపులో వేరేది లేదన్నాడు. గుడ్డ కట్టి పంపితే అంతసేపు అది సర్దుకోగలదా?

'ఎంత మంచి వాసనో అమ్మా!' అని మురిసిపోయింది.

'అవునమ్మా' అన్నాను. ఇంకేం అనమంటావు?