తమ్ముని చార్జర్

సుచిత్ర చౌరస్తాలోని రిపేరు దుకాణంలో, చచ్చిపోయిన తమ్ముడి లాప్‌టాప్ ముందేసుకుని ఒక అమ్మాయి కూర్చుంది. ప్రాసెసర్ వేగాన్ని పెంచి తగ్గించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను మెకానిక్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. అయినా వేగం అట్టడుగు నుంచి లేవలేదు.

"డ్రైవర్ మంచిగనే ఉంది చెల్లె. నీ చార్జరే వేరేది. కంపెనీది కాదని తెలిస్తే ఇది కావాలనే మెల్లగ నడుస్తది."

"అంటే, వాళ్ల వైరు కొనకపోతే మన మిషన్ కాళ్లు కట్టేస్తరా? దొంగలు గాదా గాళ్లు?"

"దొంగలే. మరి ఒరిజినల్ ఏది?"

"తమ్మునితోని పోయింది. పెండ్లి కానోడని తూంకుంట ఊర్ల బొంద పెట్టినం. వాడు వాడినయన్నీ మా అవ్వ గుంతల ఏసింది. ఇదొక్కటి నేను దాచిన. పగటికి నౌకరీ పరీక్ష దీంట్లనే రాయాలె అన్నా. ఇంకో దిక్కు లేదు."

"పరేషాన్ గాకు. బ్యాటరీ సచ్చింది, తీసేసిన. ఇగ ఇంకో చార్జర్ పెట్టి సూస్త."

అతను వైరు పీకాడు. తెర ఆరిపోవాలి. ఆరలేదు. వేగం సర్రున పైకెక్కింది.

"అన్నా, తెర మూలకు ఏం రాసున్నది?"

అతను కళ్లు చిట్లించి చదివాడు. "కంపెనీ చార్జర్ పెట్టి ఉన్నదంట."

"ఏడ పెట్టి ఉంది? వైరే లేదు గద!"

వైరు దూర్చే రంధ్రాన్ని అతను వేలితో తడిమాడు. వేలికి తడిమట్టి అంటింది.

"చెల్లె, జల్దీ తీస్కపో దీన్ని. నాకు పైసలొద్దు."

ఆమె లేవలేదు. మీటల మీద అరచెయ్యి ఆనించి, వంగి, మెల్లగా అంది:

"తమ్మీ, పరీక్ష అయ్యేదాంక పీకకురా."