గట్టు అధ్యక్షతన మా లంక స్వతంత్రం

“చిన్నమ్మమ్మా, మీ లంకకి స్వతంత్రం కావాలని ఇక్కడ జర్మనీలో అడిగారంట కదా. ఏమైంది?”

నువ్వుండే కెమ్నిట్జ్ దాకా వచ్చేసిందా ఆ కబురు? ఆయ్, వస్తుంది మరి, మనవాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాక. ఏంటది, రికార్డు చేస్తన్నావా? చేసుకో. ఆ కిటికీ మాత్రం వెయ్యి తల్లీ, ఈ జిండెల్ఫింగెన్ ఊరి చలి నా మోకాళ్ళకి పడదు.

స్వతంత్రం అంటే దేశం విడిపోతామని కాదే. మా లంక గోదారి మధ్యలో ఉంటదా, చుట్టూ నీళ్ళే. మీ అమ్మ చిన్నప్పుడు వేసవికి వచ్చి పచ్చి మావిడికాయలు తినేసి కడుపునొప్పి తెచ్చుకునేది... సర్లే, అది వేరే ముచ్చట. మాకు సొంత పంచాయతీ లేదు. గట్టు మీద ఊరి పంచాయతీయే మాకూను. రేవు వేలంపాట పెట్టేది వాళ్ళే, పడవ ఎప్పుడు కట్టెయ్యాలో చెప్పేదీ వాళ్ళే. పొద్దుగూకితే అవతల కట్టేస్తారు. పావలా ఇచ్చి దాటిన రోజుల్లోనూ అంతే, ఇప్పుడూ అంతే. ధరొక్కటే మారింది.

మీ చిన్నతాతయ్యకి గుండెల్లో నొప్పొచ్చింది సందెవేళ. మంచం మీద రేవుకి మోసుకొచ్చేం. అవతలొడ్డున పడవ కనపడతానే ఉంది. కేకలేసేం, లాంతరు ఊపేం. వేళైపోయిందని అక్కణ్ణించే చెయ్యి ఊపేడు పడవవాడు. తెల్లారి పడవొచ్చింది, ఆయన లేడు. అదమ్మా మాకు కావలసిన స్వతంత్రం. మా పడవ మేం కట్టుకోవడం, మేం విప్పుకోవడం.

ఎమ్మెల్యేలకి చెప్పేం. ప్రతి ఎలక్షన్‌కీ ఇచ్చేస్తామంటారు, పాపం, ఇవ్వడం ఒక్కటే మర్చిపోతారు. కలెక్టర్లు వచ్చేరు, పనసతొనలు తిన్నారు, వెళ్ళేరు. అప్పుడు మా అన్నయ్య కొడుకు సత్యం, వాడికి టీవీ చూడ్డం తప్ప పనేముంది, ఎక్కడో సముద్రంలో గుప్పెడు మంది దీవి వాళ్ళు దేశదేశాలూ తిరిగి తమ పాలన తాము తెచ్చుకున్నారని చూసేడు. ఇంకేం, మనమూ అంతర్జాతీయంగా వెళ్ళాలన్నాడు. ఎవరెళ్తారు? నేను మా అమ్మాయి పద్మ పురిటికి ఇక్కడికొస్తన్నానుగా, నన్ను విదేశాంగ మంత్రిని చేసేరు. వీసా మూణ్ణెల్లు. పిల్లకి నీళ్ళు పొయ్యాలి, పథ్యం వండాలి, మధ్యలో ఎప్పుడన్నా తీరితే స్వతంత్రం తేవాలి.

నవ్వకు. నేను నిజంగానే నమ్మేను. పద్మ చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకునే ఇక్కడి రాత్‌హౌస్‌కి, అదే మునిసిపల్ ఆఫీసు, టెర్మిన్, అంటే కలిసే టైము, అడిగింది. బయటిదేశాల వాళ్ళ సంగతులు చూసే ఆవిడ, పేరు నాకు నోరు తిరగదు, ఇక్కడోళ్ళు మేడం అన్నట్టు ఫ్రౌ అందాం. అరగంట ఇచ్చింది. ఎదురెదురుగా కూచుని చెప్పుకోడానికి అరగంట! ఎమ్మెల్యే మాకు గుమ్మంలో అరనిమిషం ఇచ్చేడు కాదు.

మరి మనవాళ్ళు ఊరుకుంటారా? ఇక్కడి తెలుగు సంఘం అధ్యక్షుడు ప్రసాదు, కార్ల కంపెనీలో పెద్ద ఇంజినీరులే, ఇంటికొచ్చేడు. “అంత పెద్ద మనిషి దగ్గరికి ఒట్టి చేతుల్తో వెళ్తారా పిన్నిగారూ, మనమే పిలిచి సన్మానం చేద్దాం” అన్నాడు. సత్యానికి ఫోన్ చేస్తే వాడూ అదే పాట, మర్యాద మర్యాద అని. టెర్మిన్ రద్దు చేసేం. చేతిలో ఉన్న అరగంట వదిలేసి శాలువా కొన్నాం.

ఇంతకీ ఈ ప్రసాదు ఎవరనుకున్నావు? గట్టు ఊరి సర్పంచి తమ్ముడి కొడుకు. గట్టు పెత్తనం వద్దని పెట్టే సభకి గట్టు వాడే అధ్యక్షుడేంట్రా అని సత్యాన్ని అడిగేను. సంఘానికి అధ్యక్షుడుండగా ఇంకోళ్ళని కూచోబెడితే ఏం బావుంటది అత్తా, అన్నాడు. మా లంకవాళ్ళు ప్రాణమన్నా వదులుకుంటారు గానీ, అధ్యక్షుడు లేకుండా సభ చెయ్యరు.

సభ బ్రహ్మాండం. హాల్లో నిప్పు వెలిగించకూడదంట, బ్యాటరీ దీపం తెచ్చేరు. ఆ మీట నొక్కడానికి, ఫొటోలో అందరూ పడడానికి పావుగంట. ప్రార్థన, పిల్లల డాన్సులు, స్వాగతం. ఆపైన ప్రసాదు అధ్యక్షోపన్యాసం, గట్టూ లంకా రెండు కళ్ళంటాడు, ఒకే తల్లి బిడ్డలంటాడు. అక్కడ లంకలో బడి దగ్గర అందరూ ఫోన్లో చూస్తన్నారు కదా, వాళ్ళూ చప్పట్లు! ఫ్రౌకి శాలువా కప్పేరు, వందన సమర్పణ చేసేరు. హాలు తాళాలాయన గుమ్మంలో నిలబడ్డాడు. చివరి అంశం, లంక గురించి నేను మాటాడ్డం. సమయాభావం వల్ల రద్దు చేస్తున్నామన్నాడు ప్రసాదు, చేతులు జోడించి, ఎంతో వినయంగా.

నాకు ఏడుపొచ్చిందే. కోపం కాదు, ఏడుపు. మళ్ళీ అదే రేవులో నిలబడ్డట్టుంది.

బయటికొస్తే బస్టాపులో ఆవిడే, శాలువా అలాగే ఉంది మీద. పద్మని పలకరించి, ఏదో నదిలో దీవి సంగతన్నారు, అది ఎప్పుడు చెప్పేరు, నాకు తెలీలేదే అంది. సరే, చెప్పడం మొదలెట్టేను. నేను తెలుగులో, పద్మ వాళ్ళ భాషలో. మీ చిన్నతాతయ్య మంచం దగ్గరికి వచ్చేసరికి బస్సొచ్చేసింది. ఇక్కడి బస్సుల సంగతి నీకు తెలుసుగా, క్షణం ఆగవు. తలుపు తెరుచుకుంది. ఆవిడ బస్సు వంక చూసింది, నా వంక చూసింది, డ్రైవర్ని వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది. బస్సెళ్ళిపోయింది. బెంచీ మీద నా పక్కన కూచుని ఒకటే అడిగింది.

“పడవవాడికి మీరు కనిపించారా?”

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదమ్మా ఆ మాట. కనపడ్డాం అన్నాను. లాంతరు ఊపేం అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మీ దేశంలో పంచాయతీ ఇప్పించడం మా ఊరివల్ల కాదు, అబద్ధం చెప్పలేను అంది. అక్కడితో అయిపోయింది మా అంతర్జాతీయ వ్యవహారం.

సత్యానికి ఇవన్నీ ఎందుకూ, మర్నాటికి లంకలో బేనరు కట్టించేడు, జర్మనీ మద్దతు మనకేనని. నేను వెళ్ళగానే నాకూ సన్మానమంట. సభకి అధ్యక్షుడెవరో అడగవేం? గట్టు సర్పంచే.

పంచాయతీ వస్తదో రాదో, నేను చూస్తానో లేదో. కానీ ఆ వెళ్ళిపోయిన బస్సే కళ్ళల్లో ఉంటది నాకు. నువ్వు చల్లగా ఉండాలి తల్లీ, పెద్ద ఉద్యోగం చెయ్యాలి. ఎప్పుడన్నా అవతలొడ్డున ఎవరైనా లాంతరు ఊపితే మాత్రం, వేళైపోయిందని అనకు... ఆ, పిల్ల లేచినట్టుంది. ఉండు, వస్తా.