ఫిరంగి లాగినవాడి పేరు

ఎండకు మెడ తుడుచుకుంటూ కూడా చిరునవ్వు చెదరనివ్వని మంత్రి గారికి, నాకు ఇరవై రెండేళ్లుగా చీవాట్లూ సెలవులూ సమానంగా పంచిన డైరెక్టరు వెర్నెల్ గారికి, ముందు వరసలో ఉన్న పెద్దలకు, వెనక సీమపనస చెట్టు కింద నిలబడి వీడెప్పుడు ఆపుతాడు, మేకమాంసం పులుసు ఎప్పుడు పెడతారు అని చూస్తున్న నా తోటి గైడులకు, అందరికీ, ఇవాళ్టితో రిటైరవుతున్న ఈ ఎవరార్డ్ లిబర్డ్ నమస్కారాలు. (నవ్వులు)

ముప్ఫై మూడేళ్లుగా ఈ గల్ రాక్ కోట మీద రోజుకు నాలుగుసార్లు ఇంగ్లీషువాళ్లను ఓడిస్తూ వచ్చాను. ఆదివారాలు రెండుసార్లే. రెండు వందల ఏళ్ల నాటి ముట్టడి కథ మన కరీబియన్ ద్వీపంలో అందరికీ కంఠతా వచ్చు. అయినా మంత్రి గారు శాఖకు కొత్త కనుక క్లుప్తంగా చెప్తాను. ఫ్రెంచివాళ్లు ఓడలు దిగారు. ఇంగ్లీషువాళ్లు కొండెక్కి కోట తలుపులు బిగించుకున్నారు. వాళ్ల కొత్త కంచు ఫిరంగులు ఎనిమిదీ కొండ కిందే ఉండిపోయాయి, ఎందుకంటే వాటిని పైకి లాగాల్సిన బానిసలను తోటల యజమానులు పంపలేదు. చెరకు కోతల కాలం మరి! చివరికి నలభైమందిని పంపితే, ఒక ఫిరంగి సగం దాకా వచ్చాక తాడు తెగి కిందికి దొర్లింది. మిగిలిన ఏడింటినీ ఫ్రెంచివాళ్లు ఇటు తిప్పి ఇదే కోట మీద పేల్చారు. ముప్ఫై నాలుగో రోజున తెల్లజెండా ఎగిరింది. ఆ సాయంత్రం ఇద్దరు దొరలూ ఒకే బల్ల దగ్గర భోంచేశారు. దొంగలూ దొంగలూ కలిసి ఊళ్లు పంచుకున్నట్టు.

ఇక అసలు సంగతి. నా పక్కన ఎర్రగుడ్డ కప్పుకుని ఉన్న రాయిని మంత్రి గారు కాసేపట్లో ఆవిష్కరించాలి. ‘ఇక్కడ ఫిరంగి లాగుతూ ప్రాణం విడిచిన సైరస్ స్మృతికి’ అని దాని మీద ఉంది. ఇగ్నేషియస్ మేస్త్రి ముత్యాల్లాంటి అక్షరాలు చెక్కాడు. కానీ పెద్దలారా, సైరస్ అనేవాడు ఆ ముట్టడిలో లేడు. ఆ పేరు నేను కల్పించాను.

(ముందు వరసలో డైరెక్టరు గారికి పొలమారింది)

వెర్నెల్ గారూ, కాసిని మంచినీళ్లు తాగండి. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి సాయంత్రం ఐదున్నర దాకా వ్యవధి ఉంది. (నవ్వులు)

పందొమ్మిదేళ్ల కిందట ఆంటిగ్వా నుంచి ఒక చర్చి బృందం వచ్చింది. అందులో ఒక ముసలావిడ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది. నేను ధాటిగా గవర్నరు పేరు, అడ్మిరలు పేరు, ఆఖరికి గవర్నరు గుర్రం పేరు కూడా చెప్పుకుపోతుంటే ఆవిడ చెయ్యెత్తింది.

“ఆ తాడు తెగినప్పుడు ఎవరన్నా పోయారా నాయనా?”

“ఇద్దరు పోయారమ్మా.”

“పేర్లేంటి?”

నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ‘ఇద్దరు నీగ్రోలు, ఒక మంచి తాడు పోయాయి’ అని గవర్నరు తన డైరీలో రాసుకున్నాడు, అంతే.

“గుర్రం పేరు గుర్తుందిగా నీకు?” అందావిడ.

సిగ్గేసింది. నా నోట్లోంచి “సైరస్” అని వచ్చేసింది. రెండోవాడి పేరు ఆవిడ అడగలేదు. అక్కడే నిలబడి సైరస్ కోసం ప్రార్థన చేసింది, బృందమంతా తలలు వంచింది. ఇక ఆ పేరు వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు. మర్నాడూ అదే చెప్పాను. ఏడాది తిరిగేసరికి సైరస్‌కు పెళ్లామొచ్చింది, తాడు కావాలనే వదిలేశాడన్న మాటా వచ్చింది, జనం చప్పట్లు కొట్టారు. నా దగ్గర విని మిగతా గైడులు చెప్పారు, వాళ్ల దగ్గర విని బళ్లో పంతుళ్లు చెప్పారు. ఇప్పుడు రాయి మీదికెక్కింది.

సైరస్ మా నాన్న పేరు.

నలభై ఏళ్లు చెరకు కోశారాయన. చర్చి వెనక ఆయన సమాధికొక చెక్క శిలువ ఉండేది, తుపాను అదీ ఎత్తుకుపోయింది. నిన్న మేస్త్రి గుడ్డ ఎత్తి చూపించినప్పుడు ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడిమాను. నోరు మూసుకుంటే మా నాన్న పేరు ఇంకో రెండు వందల ఏళ్లు ఉంటుంది. నోరు తెరిస్తే నేను చెప్పిందంతా బూటకమేనేమో అంటారు. మా ఆవిడ ఐరిస్ అయితే, “ఎవరి సొమ్మేం పోయింది? బుద్ధిగా కేకు కోసి ఇంటికి రా” అంది. అదుగో, మూడో వరసలో తల పట్టుకుంది.

(వెనక నుంచి ఇగ్నేషియస్ మేస్త్రి: “మూడు వారాలు చెక్కానయ్యా! ముందే ఏడవొచ్చుగా?”)

ఏడవాల్సింది మేస్త్రీ. పందొమ్మిదేళ్ల ముందే ఏడవాల్సింది. (నవ్వులు)

(ఒక గొంతు: “ఉంచెయ్యండి మాస్టారూ, మంచి పేరేగా!”)

మంచి పేరే బాబూ, అదే చిక్కు. పేరు లేనంత కాలం ఎవరో ఒకరు అడిగేవాళ్లు, ఆ ముసలావిడ అడిగినట్టు. నేను ఒక పేరు చెప్పాక ఈ పందొమ్మిదేళ్లలో ఒక్కరూ అడగలేదు. గవర్నరు ఆ ఇద్దరినీ ఒకసారి పారేశాడు. నేను రోజుకు నాలుగుసార్లు పారేశాను. ఇది తలచుకుంటే నాకు ఏడుపొస్తోంది, క్షమించండి.



మంత్రి గారూ, దయచేసి ఆ గుడ్డ తీయకండి. మేస్త్రి ఆ రాతిముఖం చదును చేసి, ‘ఇక్కడ తాడు తెగి ఇద్దరు మనుషులు చనిపోయారు. వాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు’ అని చెక్కితే చాలు. అతని మూడు వారాల కష్టం వృథా చేసినందుకు, నా మాట నమ్మినవాళ్లను మోసం చేసినందుకు మన్నించండి. ఇన్నేళ్లూ నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు.

మా నాన్న నీళ్ల పంపు దగ్గర ఎంత దాహంతో ఉన్నా ఒకరి ముందు దూరి నిలబడి ఎరగరు. అలాంటి మనిషిని తీసుకొచ్చి, చనిపోయిన ఇద్దరి చోట్లో నేను నిలబెట్టాను. పక్కకు రా నాన్నా అంటున్నాను. వస్తారు. సెలవు.